ముసురులో వేసిన కేక

మొన్న శ్రావణంలో ఆర్మూరుకు ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. ఊరి పక్కన ఎప్పుడూ కనిపించే నల్లరాళ్ల గుట్ట మబ్బులో కలిసిపోయి, అక్కడొక గుట్ట ఉండేదన్న సంగతే మరిచిపోయేటట్టు చేసింది. దండెం మీది బట్టలు మూడో రోజుకు వాసన పట్టాయి. అట్లాంటి పొద్దున మా బిడ్డ కూతురు నా మంచం మీద కాళ్లు ముడుచుకొని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకొని ఆఫీసు పని చేసుకుంటుంటే, నేను కింద కూచొని చేటలో కందిపప్పు ఏరుతున్నాను. గడప దగ్గర మా అక్క గోడకు ఒరిగి కునుకు తీస్తున్నది. నాకు డెబ్బై దాటాయి, అక్క నాకన్నా ఆరేళ్లు పెద్దది. యాభై ఏళ్లకు పైగా మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్నాం.

మనవరాలు హైదరాబాదులో చేసేది అడవులు చూసే పని. అడవికి పోయి చూడటం కాదు, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం పంపే పటాలు ముందర పెట్టుకొని, ప్రపంచంలో ఏ మూల అడవి తరిగింది, ఏ మూల పెరిగింది అని గుర్తులు పెట్టడం. నేను పేరు కూడా పలకలేని దేశాల అడవులన్నీ దాని ఒళ్లోనే ఉంటాయి. ఇంత మబ్బులో ఏం కనిపిస్తుందని, మాట కలపడానికే అడిగాను.

"గింత మబ్బుల నీ ఉపగ్రహానికి ఏం కానొస్తదే? దానికేమన్న మంత్రం వచ్చునా?"

"మబ్బున్నా, చీకటున్నా మాకు ఒక్కటే అమ్మమ్మా. రాడార్ అంటరు దాన్ని. అది మన లెక్క కండ్లతోని చూడదు, కేకేస్తది. కేకేసి, తిరిగొచ్చేది వింటది. బాయిలకు వంగి ఒర్లితె మళ్ల మనకే ఇనవడ్తది చూడు, గట్ల."

కేక అన్న మాటకు చేటలో నా చెయ్యి ఆగింది. అది గమనించకుండానే పిల్ల తెరను నా దిక్కు తిప్పింది. బూడిదలో ఉప్పు చల్లినట్టున్న పటం. చెట్లున్న చోట కేక గట్టిగా తిరిగొచ్చి తెల్లగా కనిపిస్తుందట, నీళ్లున్న చోటా చదునైన బోడ చోటా తిరిగి రాక నల్లగా ఉంటుందట. ఇవి మన భీమ్‌గల్ దిక్కు గుట్టలే అని, ఇది వాగు, ఇది బండ్ల బాట అని వేలితో చూపించింది. ఆ రెంటికీ నడుమ, చుట్టూ తెల్లటి చెట్ల మధ్యలో, చింతగింజ అంత నల్ల మచ్చ ఉంది.

ఆ చోటును నేను జన్మలో పైనుంచి చూసినదాన్ని కాదు. అయినా గుర్తుపట్టాను.

"గీ మచ్చ గమ్మత్తుగున్నదే అమ్మమ్మా. చుట్టూ అడవి, నడుమ బోడ. పదేండ్ల పటాలు తీసి చూసినా గట్లనే ఉన్నది. చెరువు గాదు. గీసారి దాని అంచుకు ఇంకింత నలుపు తోడైంది, చెట్లు పోయినయని మిషన్ చెప్తున్నది. ఎట్లాగూ ఇంటికొచ్చిన గదా, రేపు పోయి కండ్లతోని చూసొస్త."

ఆ పటాలు ఎంత వెనుకటివి ఉంటాయని అడిగాను. పది పన్నెండేళ్లవి అన్నది. అంతకు ముందువో అన్నాను. అంతకు ముందు ఈ ఉపగ్రహమే లేదు కదా అని నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ప్రాణం లేచొచ్చినందుకు సిగ్గేసింది. గడప దగ్గర అక్క కళ్లు తెరిచి, పిల్ల తాగి పెట్టిన చాయ గ్లాసు తన్నుకుంటారు తియ్యండని కసిరి, మళ్లీ కునుకులో పడింది.

ఆ నల్ల మచ్చలో ఏముందో తెలిసి ఈ భూమ్మీద మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. అది బయటపడితే నాకు మా అక్క ఉండదు. ఆ భయంతోనే ఇన్నేళ్లు బతికాను, దాచి రాయడానికి నాకు వేరే కథలు రావు.

పసుపు పండించే ఇళ్లల్లో పుట్టిన నా ఈడు వారికి పసుపు ఉడకబెట్టే రోజులు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు ట్రాక్టరు వెనుక డ్రమ్ముల బాయిలరు వచ్చి ఆవిరితో ఒక పూటలో పని ముగించి పోతున్నది గాని, ఆ కాలంలో చేను దగ్గరే పొయ్యి తవ్వి, నలుగురు పట్టినా లేవని ఇనుప కడాయి దాని మీద పెట్టి, తవ్విన పసుపంతా విడతలు విడతలుగా ఉడికించాలి. ఎండిన పసుపాకు మంట పట్టడానికే పనికొస్తుంది, మంట నిలవాలంటే కట్టె కావాలి. కొమ్ము ఉడికిందా లేదా అని పుల్లతో గుచ్చి చూసే పెద్దమనుషులు, పచ్చి పసుపు ఆవిరికి కళ్లు మండి ముక్కులు చీదే ఆడవాళ్లు, నెల రోజులదాకా గోళ్ల సందుల్లోంచి పోని పచ్చదనం, ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి. ఆ కట్టె ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పుకోరు. అది అడవి నుంచి వచ్చింది. తెచ్చిన వాళ్లలో మేమూ ఉన్నాం.

మాది భీమ్‌గల్ దిక్కు గుట్టల కింద ఊరు. కట్టె కొట్టే పనికి మా మేనమామ పెద్ద. ఆయన వెంట మా బావ, అంటే మా అక్క మొగుడు, ఇంకో ముగ్గురు మగవాళ్లు పోయేవాళ్లు. పసుపు ఉడికేది ఎండాకాలం ముందర గాని, కట్టె కొట్టేది వానాకాలంలో. అప్పుడు కొట్టి పేర్చితే ఉడకబెట్టే నాటికి ఎండుతుంది. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉండేది. ముసురు పడితే ఫారెస్టు గార్డు ఇల్లు కదలడు, తడి గాలిలో గొడ్డలి చప్పుడు దూరం పోదు. మబ్బు పట్టిన రోజే మాకు పని రోజు. మబ్బును చూసి రైతు సంబరపడినట్టే, వేరే కారణానికి మేమూ సంబరపడేవాళ్లం.

మా మామకు ఒక పద్ధతి ఉండేది. బాట మీద నుంచి కనిపించే చెట్టును ముట్టనిచ్చేవాడు కాదు. అంచున ఇరవై అడుగుల మందాన అడవిని అట్లాగే విడిచి, లోపల గుండ్రంగా నరుక్కుంటూ పోవాలి. గార్డు నడిచేది బాట మీదనే, వాడికి పచ్చటి గోడ కనిపిస్తే చాలు. ఆ పద్ధతిలో రెండు మూడు వానాకాలాల్లో అడవి నడుమ ఒక ఊరు పట్టేంత బోడ చేశాం. బయటి నుంచి చూస్తే ఒక కొమ్మ కూడా కదిలినట్టు ఉండేది కాదు. మనుషుల కంటిని మోసం చేసే ఉపాయం అది. పైనుంచి చూసే కన్ను ఒకటి వస్తుందని మా మామ కలలో కూడా అనుకోలేదు.

నాకు పదహారేళ్లు. నా పని అంచున నిలబడి బాట చూడటం. తప్పిపోయిన బర్రెదూడను వెతికే పిల్లలాగా ఉండాలి. గార్డు కనిపిస్తే "ఓ గంగీ" అని ఒక్క కేక వెయ్యాలి. ఆ కేకకు లోపల గొడ్డళ్లు ఆగుతాయి, ఎక్కడి వాళ్లక్కడ బిగుసుకుపోతారు. అప్పుడు నేను మళ్లీ చూడాలి. వాడు బాట విడిచి అడవిలోకి అడుగు పెడితేనే రెండో కేక. రెండో కేక అంటే అన్నీ వదిలి ఉరకండి అని. మామ ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఒక్క కేకేసి మళ్ల సూడు, మళ్ల సూసి పక్కా చేసుకొని రెండో కేకెయ్యి, అని. గంగి అన్న దూడ మాకు లేనే లేదు.

మా బావ నవ్వుతూ పని చేసే మనిషి. అక్కకు తునికి పండ్లు తువ్వాల కొసకు కట్టుకొని తెచ్చేవాడు, ఇంటికొచ్చేసరికి సగం నలిగిపోయేవి. నన్ను ఆఫీసరు మరదలు అని పిలిచేవాడు. ఆ రోజు కూడా వానకు కప్పుకున్న గోనెసంచి కొప్పెర నా నెత్తిన సరిచేసి పోతూ అన్నాడు.

"మరదలా, కండ్లు పెద్దగ జేసి సూడు. మా పానాలు నీ కండ్ల మీదనే ఉన్నయ్."

"నువ్వు సక్కగ కొట్టు బావా, ఊకె ముచ్చట్లు జెప్పకు" అన్నాను. ఆయనతో నా ఆఖరి మాట అది.

సన్నగా వాన పడుతున్నది. వాగు అవతల నుంచి బాట మీదికి ఒక మనిషి ఎక్కొస్తున్నాడు. ఖాకీ కోటు. నాకు కనిపించింది ఆ కోటు ఒక్కటే. ముఖం చూడలేదు, నడక చూడలేదు, చేతిలో కర్ర ఉందా కాగితం ఉందా చూడలేదు. ఓ గంగీ అని అరిచి, ఊపిరి తీసుకోకుండానే రెండోసారి కూడా అరిచాను. మామ చెప్పిన మళ్లీ చూడటం అన్నది నా తలలోకి రానేలేదు.

లోపల ఆ సమయానికి ఒక చెట్టు సగం తెగి ఉంది. బావ దానికి కట్టిన తాడు పట్టుకొని అవతలి దిక్కు నిలబడ్డాడు. ఒక్క కేకే వినిపించి ఉంటే తాడు పట్టుకొని కదలకుండా ఉండేవాడు. రెండు వినిపించాయి, తాడు వదిలి పల్లానికి ఉరికాడు. నానిన నేల పట్టు వదిలింది. చెట్టు కూడా పల్లానికే పడింది. నేను విన్నది ముందు కాళ్ల చప్పుడు, ఆ తరువాత చెట్టు విరిగే చప్పుడు. ఆ తరువాత ఇంకేమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఖాకీ కోటు నా దగ్గరికి వచ్చింది. అది గార్డు కాదు. ఊరూరా మేకలు కొనుక్కుపోయే ఆర్మూరు సాయబు తాత. బస్సు కండక్టరైన కొడుకు పాత కోటు వానకు తొడుక్కున్నాడు.

"క్యా హువా బేటీ? ఏం పోయింది? గంగి ఎవరు?"

బర్రెదూడ అన్నాను. నా పళ్లు కొట్టుకుంటున్నాయి, వానకు అనుకున్నాడు. అయ్యో అని, జర ఠైరో, ఆగు, నేను దేఖ్తాను అని, ఆ మంచి మనిషి అడవి అంచు వెంబడి నడుచుకుంటూ తన బొంగురు గొంతుతో గంగీ, ఓ గంగీ అని పిలుస్తూ వెతికాడు. లోపల మావాళ్లు నలుగురు, పడిన బావ పక్కన, అది గార్డు గొంతు అనుకొని, ఏడుపు కూడా రాకుండా తువ్వాలలు నోట్లో కుక్కుకొని కూచున్నారు. ఆయన వెతికినంతసేపూ వాళ్లు కదల్లేదు. ఇదంతా నాకు తరువాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది, లోపలి నుంచి ఎవరూ రావడం లేదన్నది ఒక్కటే.

సాయబు తాత పోయాక మామ బయటికి వచ్చాడు. నెత్తురైన ఆయన చేతులు చూశాక నాకు అడగాల్సింది లేకపోయింది. గార్డు కాదు మామా, మేకల సాయబు అని చెప్పాను. ఆయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

"గార్డే అచ్చిండు" అన్నాడు మెల్లగా. "ఇన్నవా? గార్డే అచ్చిండు. ఇంకో మాట నీ నోట్లెకెళ్లి రావద్దు, నీ పానం పోయేదాక."

నన్ను కాపాడటానికే అన్నాడు. తక్కిన ముగ్గురికీ నిజం తెలియదు. అడవిలో చనిపోయాడని చెబితే ఐదిళ్ల మగవాళ్లూ జైలుకు పోతారు, గొడ్డళ్లతో పాటు బండ్లు, ఎద్దులు జప్తు అవుతాయి. అందుకని బావను వాగు దాకా మోసుకొచ్చి, నీళ్లలో తడిపి, ఒడ్డున బండ పక్కన పడుకోబెట్టి, వాగు దాటుతూ కాలు జారి బండకు తల తగిలిందని ఊరికి కబురు పంపారు. వెనకాల ఆయన చెప్పులు పట్టుకొని నడిచింది నేను. వాటినీ వాగులో తడపమన్నారు, తడిపాను.

అక్క ఆ మాట నమ్మింది. ఎందుకు నమ్మదు? చెప్పింది తన మేనమామ, తోడు ఏడ్చింది తన చెల్లె. అప్పటి నుంచి ఆమె కోపమూ భయమూ అన్నీ ఆ వాగు మీదనే. ఆ తరువాత ఒక్కసారి తప్ప దాన్ని దాటలేదు. నా పెళ్లై నేను ఆర్మూరుకు వచ్చినప్పుడు, మా పెనిమిటిని ఒప్పించి ఆమెను వెంట తెచ్చుకున్నాను. ఆ రోజు ఎడ్లబండి వాగు దాటుతుంటే కొంగు ముఖం నిండా కప్పుకొని, నా చెయ్యి గోళ్లు దిగేటట్టు పట్టుకున్నది. నా బిడ్డను పెంచింది ఆమే, బిడ్డ కూతురినీ ఎత్తుకున్నది ఆమే. ఏటా శ్రావణ అమావాస్యకు గుప్పెడు పసుపు గుడ్డలో మూట కట్టి నా చేతికిచ్చేది, వాగులో వదిలిరమ్మని, ఇంక మా ఇంటి మనుషుల జోలికి రావద్దని దండం పెట్టి చెప్పిరమ్మని. యాభై ఏళ్లుగా ఆ మూట బస్సులో ఒళ్లో పెట్టుకొని మోసుకుపోయింది నేనే. నీళ్లలో వదిలి, దండం పెట్టకుండా వచ్చేదాన్ని. ఏ పాపం ఎరుగని వాగుకు ఏమని దండం పెట్టాలి?

సాయబు తాత కూడా నన్ను వదల్లేదు. ఆర్మూరు అంగడిలో ఎప్పుడు ఎదురైనా గడ్డం సవరించుకుంటూ అడిగేవాడు, "బేటీ, నీ గంగి మిలీ క్యా? దొరికిందా?" అని. దొరికింది తాతా అంటే, అల్లా మంచోడు అని సంతోషపడేవాడు. ఆయన పోయేదాకా, అంగడికి పోవాలంటే ముందు దూరం నుంచి ఖాకీ కోటు ఉందేమో చూసుకొని పోయేదాన్ని.

నలభై దాటాక నాకు చదువు పట్టింది. మధ్యాహ్నం పూట బడి వరండాలో పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పేవాళ్లు, పని లేని రోజుల్లో పోయి నేర్చుకున్నాను. నేను సొంతంగా కూడబలుక్కొని చదివిన మొదటి మాటలు భీమ్‌గల్ బాట పక్కన ఉండే బోర్డు మీదివి. అడవిలో చెట్లు నరికితే శిక్ష తప్పదని రాసి ఉంది. చదువు రాకముందు ఆ బోర్డు నీడకే కూచొని సద్దన్నం తిన్నదాన్ని. చదివిన రోజు అక్కడ నిలబడలేక బస్సు దిగిన చోటుకే మళ్లీ నడిచిపోయాను. అక్కను కూడా బడికి రమ్మని ఎంత పోరినా రాలేదు. అందుకని ఈ సంగతి రాసి చూపించి తప్పించుకునే దారి కూడా నాకు లేదు. చెబితే నోటితోనే చెప్పాలి.

మరునాడు వాన తెరిపిచ్చింది. మనవరాలు బయలుదేరుతుంటే నేనూ వస్తానన్నాను. ఎందుకో నాకే తెలియదు, దొంగతనం చేసినవాడు మళ్లీ ఆ ఇంటి ముందర తిరిగినట్టే కావచ్చు. పిల్ల అక్కను కూడా పిలిచింది.

"పెద్దమ్మమ్మా, నువ్వు గూడ రా రాదు. ఆటోల పోయి ఆటోల వద్దాం."

"నేను రాను బిడ్డా. గా వాగు దాటి అచ్చుడు నాతోని కాదు. మీరు గూడ పైలం. దాని మొకం సూడకుండ్రి."

మనవరాలు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది. అక్క దానిని చూడనే లేదు.

ఆటో దిగి బండ్ల బాట వెంట నడిచి, పిల్ల చెయ్యి పట్టుకొని అంచు చెట్ల లోపలికి పోయాను. మామ విడిచిపెట్టిన ఇరవై అడుగుల అడవి అది. అక్కడక్కడ పలచబడినా గోడలాగే నిలబడి ఉంది. దాన్ని దాటగానే బోడ. మళ్లీ చెట్లు మొలిచి ఉంటాయని ఎక్కడో ఆశ ఉండేది నాకు. ఒక్కటీ లేదు. మేము నరికాక వానలకు మట్టంతా కొట్టుకుపోయి, కింద ఉన్న నల్లబండ పైకి తేలింది. తడిసి నిగనిగలాడుతున్నది. వేరు పట్టడానికి జానెడు మట్టి లేదు. అన్నిటికన్నా భయం కలిగించింది అంచు. అక్కడ నాలుగు పెద్ద చెట్లు వేళ్లతో సహా ఒరిగి పడి ఉన్నాయి. గొడ్డలి గాటు లేదు. బండ అంచు నుంచి మట్టి ఏటా కొంచెం కొంచెం జారిపోతుంటే నిలబడలేక పడిపోయాయి. మేము కొట్టడం మానేసి యాభై ఏళ్లయింది, ఆ బోడ మాత్రం ఇంకా తింటూనే ఉంది.

మనవరాలు పడిన చెట్లను ఫోనులో ఫొటోలు తీసుకున్నది. వేళ్ల దగ్గర వంగి చూసింది. దాని ముఖంలో బరువు దిగినట్టు కనిపించింది.

"మంచిగైంది అమ్మమ్మా, తొందరపడలే. ఎవరో నరికిండ్రని రాసి ఉంటే, పాపం గీ ఊరోళ్ల మీదికి మనుషులు పోతుండె."

"మరి నీ మిషన్ చెప్పింది గదా."

"మిషన్ ఒక్కసారి చెప్తే నమ్మం. వానకు ఆకులు తడిస్తె గూడ వేరే తీరు కనిపిస్తది. ఉపగ్రహం పన్నెండు దినాలకోసారి మళ్ల గీడికే వస్తది. రెండోసారి, మూడోసారి చూసినా గదే కనిపిస్తేనే అప్పుడు చెప్తం. తప్పు చెప్తే ఎవరి పానం మీదికో వస్తది గదా."

ఆ మాట అంటూ అది నిలబడ్డ చోటు, సుమారుగా బావ పడ్డ చోటే. తడి బండ మీదనే కూచుండిపోయాను. పిల్ల కంగారుపడి నీళ్ల సీసా మూత తీసింది. నిన్నంతా నేను భయపడింది ఆ పటం నన్ను పట్టిస్తుందని. అది నన్ను పట్టించలేదు. మా మామ చదువు లేకుండా నాకు చెప్పిన మాటనే, అంత చదివిన పిల్ల నాకు మళ్లీ చెప్పింది, అంతే. ఒక్కసారి చూసి కేకెయ్యకు అని.

ఇంటికి వచ్చేసరికి ఇంకా పొద్దు ఉంది. అక్క వాకిట్లో కూచొని, రాబోయే అమావాస్యకు మూట కోసం దంచాల్సిన పసుపు కొమ్ములు ఏరుతున్నది, మంచివి ఒక దిక్కు, పుచ్చినవి ఒక దిక్కు. పిల్లను దుకాణానికి పంపి, ఎదురుగా కూచొని చెప్పాను. నీళ్లు నమలకుండా చెప్పాను, నాకు వేరే తీరు రాదు. బావ వాగులో పోలేదక్కా అన్నాను. అడవిలో పోయిండు, చెట్టు మీద పడి పోయిండు, నేను తప్పు కేకేసినందుకు పోయిండు. గార్డు రాలేదు, మేకల సాయబు వచ్చిండు. రెండు కేకలూ నావే.

అక్క చేతులు ఆగలేదు. మంచి కొమ్ము మంచి దిక్కుకే, పుచ్చు కొమ్ము పుచ్చు దిక్కుకే పోతున్నాయి. చివరి కొమ్ము కూడా ఏరాక, చేట పక్కన పెట్టి అడిగింది.

"ఏం చెట్టే అది?"

"నల్లమద్ది."

అంతే. లేచి లోపలికి పోయింది. ఏడ్వలేదు, తిట్టలేదు. మరునాడు నా చేతి అన్నం తిన్నది, నాతో మాట్లాడలేదు. ఆ మరునాడూ అంతే. అమావాస్య వచ్చింది, పోయింది, మూట నా చేతికి ఇవ్వలేదు. ఆమె నాతో మాట్లాడని ప్రతి రోజూ నాకు ఆ చెట్టు పడ్డాక వచ్చిన నిశ్శబ్దంలాగే ఉండేది. లోపల ఏం జరిగిందో తెలియదు, పోయి చూసే ధైర్యం లేదు.

అమావాస్య పోయి ఎన్నో రోజో, పొద్దున్నే తెల్లచీర మార్చుకొని మూట కొంగున కట్టుకొని వచ్చి, ఆటో పిలువుమని, ఇంకా ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్న మనవరాలికి చెప్పింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. ఎక్కి కూచున్నాను. దారి పొడుగునా ఆమె బయటికే చూసింది. వంతెన దగ్గర ఆటో ఆపమన్నది. ఎండకొట్టి నాలుగు రోజులైంది, వాగు తగ్గి రెండు పాయలుగా పారుతున్నది, మోకాలు కూడా మునగదు. ఒక బర్రె నడుమ నిలబడి తోక ఆడిస్తున్నది. అక్క దిగి వంతెన గోడ పట్టుకొని వంగి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"గింతేనా?" అన్నది.

మూట విప్పకుండానే వచ్చి ఆటో ఎక్కి, "ముందటికి పోనియ్ బిడ్డా, గా చెట్టు కాడికి" అన్నది. అక్కడ చెట్టు లేదని ఆమెకు చెప్పాల్సి వచ్చింది మళ్లీ నేనే. వంగిన నడుముతో బాట పొడుగునా పిల్ల భుజం పట్టుకొని నడిచింది. నా భుజం పట్టుకోలేదు. బండ మీద ఒక చోట చూపించాను. ఆమె పసుపు అక్కడ పోసింది. ఇంకా నీరు ఊరుతున్న బండ మీద ఆ పచ్చదనం పల్లానికి సన్నగా పారింది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దులు పాతవాటి లాగానే గడుస్తున్నాయి. అక్క నాతో మాట్లాడుతున్నది, ఉప్పు ఎక్కువైందని, తలుపు వెయ్యమని. క్షమించిందా అని అడగను. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి గాని నేను గుంజుకునేది కాదు.

మా కాలంలో మబ్బు పడితే మాకు చాటు దొరికేది. ఏం చేసినా ఆ నాలుగు రోజులూ మాది అనిపించేది. ఇప్పుడు ముసురు పడితే నేను తలెత్తి చూస్తాను, పైన ఒకటి కేకేసి వింటూ ఉంటుందని తెలుసు కాబట్టి. మంచిదే అంటుంది మనవరాలు, నేనూ మంచిదే అంటాను. మా మామకు ఆ కన్ను భయం ఉండి ఉంటే ఆ బోడ ఉండేది కాదు, బావ ముసలివాడయ్యేవాడు. అయినా ఆ గుట్టల్లో ఆ మచ్చ ఒక్కొక్క చెట్టును పడగొట్టుకుంటూ పెరుగుతుందని తలుచుకున్నప్పుడల్లా, కొత్త పటం వచ్చిందా అని మనవరాలిని అడుగుతాను.

పొద్దున లేవగానే అక్క ముఖం చూస్తాను. కొన్ని రోజులు అందులో ఏదో మెత్తబడినట్టు కనిపిస్తుంది. తొందరపడను. మరునాడు మళ్లీ చూస్తాను.